పిట్టలు తోలినవాళ్ళే పిట్టల లెక్క రాయాలి

– పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ జువాలజీ

"చదువు రాకపోతే పోయి చేన్లో పిట్టలు తోలుకో పో" అన్న మాట పడకుండా పదో తరగతి దాటిన ఆడపిల్ల మన హాస్టల్లో ఉందంటే నేను నమ్మను. నేనూ పడ్డాను. లెక్క తప్పినప్పుడు పడ్డాను, సెలవుల నుంచి రెండు రోజులు ఆలస్యంగా వచ్చినప్పుడు పడ్డాను. ఆ రెండు రోజులూ నిజంగానే నేను పిట్టలు తోలుతూ ఉన్నాను గనుక జవాబు చెప్పలేక తల వంచుకున్నాను. తిట్టినవారి మీద నాకిప్పుడు కోపం లేదు. కానీ ఆ తిట్టులో ఒక అబద్ధం దాగి ఉంది. పిట్టలు తోలడానికి చదువు అక్కర్లేదనే అబద్ధం అది. దాని గురించి రాయడానికే ఈ పేజీలు అడిగి తీసుకున్నాను.

ప్రియమైన చెల్లెళ్ళారా, ఈ హాస్టల్లో అన్నం తిని వెళ్ళిన అక్కలారా! వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే, పీజీ ఎంట్రన్సు ఎలా రాయాలో రాస్తానని మీరంతా అనుకొని ఉంటారు. అది ఎవరైనా చెబుతారు. వసంతంలో మన జిల్లాల మీదుగా తిరుగు ప్రయాణం కట్టే పిట్టల గురించి మాత్రం మన సంచికలో మనం రాసుకోకపోతే ఇంకెవరూ రాయరు.

ముందు చేను కాపలా సంగతి. జొన్న పాలకంకి మీద ఉన్నప్పుడు చేను కాయాలి. వెలుగు రాకముందే మంచె ఎక్కాలి. పది గంటలకు ఎండ ముదిరితే పిట్టలు చెట్ల నీడకు పోతాయి, మనమూ దిగి సంగటి తినొచ్చు. మళ్ళీ మూడు గంటల నుంచి చీకటి పడేదాకా మంచె మీదే. ఈ వేళలు మా జేజికి ఎవరు చెప్పారు? పక్షులు పొద్దున, సాయంత్రం ఎక్కువగా మేస్తాయని నేను యూనివర్సిటీలో చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మా జేజి వేలిముద్ర మనిషి, ఆమెకు మార్కులు వేసినవాళ్ళు లేరు. చిలక కంకిని కొరికి సగం తిని సగం కింద పడేస్తుందనీ, పిచ్చుక గింజను ఒత్తి పాలు తాగుతుందనీ, జొన్నపిట్టలైతే మబ్బులాగా ఒక్కసారి దిగి చేను ఊడ్చి లేచిపోతాయనీ ఆమె నాకు చూపించింది. దేనికి వడిసెల తిప్పాలో, దేనికి రేకుడబ్బా కొట్టాలో, దేనికి ఒట్టి కేక చాలో ఆమెకు తెలుసు. రెక్క చప్పుడు విని పిట్టను చెప్పగలిగేది. ఇదంతా చదువు కాకపోతే మరేమిటి?

ఆ జొన్నపిట్టనే తీసుకుందాం. తల, రెక్కలు, తోక నిగనిగలాడే నలుపు, నడుమంతా లేత గులాబీ రంగు. గోరువంకకు దగ్గరి చుట్టం. ఇంగ్లీషులో రోజీ స్టార్లింగ్ అంటారు. మన నల్లరేగడి చేలల్లో వందలు, వేల గుంపులుగా తిరుగుతుంది. వానాకాలం మధ్యలోనే రావడం మొదలుపెట్టి, ఏప్రిల్ దాకా ఉండి పోతుంది. అంటే ఏడాదిలో సగానికి పైగా మన దగ్గరే. ఎక్కడికి పోతుంది? కజకిస్థాన్, ఉజ్బెకిస్థాన్, తుర్క్‌మెనిస్థాన్, చైనాలోని సిన్జియాంగ్ గడ్డిమైదానాలకు. అక్కడ మే, జూన్ నెలల్లో రాళ్ళ సందుల్లో గూళ్ళు పెట్టి, మిడతలు తినిపించి పిల్లల్ని పెంచుతుంది. సిన్జియాంగ్‌లో మిడతల బెడద తట్టుకోలేక, ఈ పిట్టలు రావాలని రాళ్ళ కుప్పలు పేర్చి, గూళ్ళు కట్టించారు. మనం వడిసెల రాయి విసిరి తోలిన పిట్టకు అక్కడ ఇల్లు కట్టి ఎదురుచూస్తున్నారన్న మాట! ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను లైబ్రరీలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. అయితే మన రైతుది తప్పని నేననను. పాలకంకి పోయినవాడికి కజకిస్థాన్ మిడతల సంగతి చెబితే ఏం లాభం? అదే పిట్ట మన శనగచేలో పచ్చపురుగునూ ఏరుకు తింటుంది, ఆ లెక్క కూడా చూడాలని మాత్రం అంటాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పక్షుల వలస మీద పుస్తకాల్లో వసంతం అంటే పక్షులు వచ్చే కాలం. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు యూరప్‌లోనో అమెరికాలోనో ఉన్నారు కాబట్టి వాళ్ళకది నిజం. ఇంగ్లండులో నార్‌ఫోక్ అనే చోట రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736 నుంచి ప్రతి ఏడూ వసంతం గుర్తులు రాసిపెట్టాడు. మొదటి స్వాలో పిట్ట ఏ తేదీన కనబడింది, ఏ చెట్టు ఏ తేదీన చిగురించింది, ఇలాంటివి. ఆయన పోయాక ఆయన వంశం వాళ్ళు 1958 దాకా రాస్తూ వచ్చారు. రెండు వందల ఏళ్ళకు పైగా! ఈనాడు వాతావరణం మారుతోందా లేదా అని చూసేవాళ్ళకు ఆ పుస్తకం బంగారం. కానీ అది రాకల పుస్తకం. మనకు వసంతం అంటే పోకడ. ఉగాది పచ్చడి తినే రోజులకు మన చలికాలపు చుట్టాలన్నీ మూటాముల్లె సర్దుకుంటూ ఉంటాయి. "ఇంగ ఇవి పొయ్యే కాలమొచ్చెనమ్మా" అని మా జేజి ఫాల్గుణం చివర్లో అనేది. ఎట్లా తెలుసని అడిగితే, "మోదుగ పూలమీద పడి తింటాండాయి సూడు, దారికి బత్తెం కట్టుకుంటాండాయి" అనేది.

దారి బత్తెం! పుస్తకంలో ఉన్నది కూడా అంతే. పగటి పొద్దు పెరగడం పక్షి ఒంట్లో ఒక గడియారాన్ని కదిలిస్తుంది. ఆకలి పెరుగుతుంది, చర్మం కింద కొవ్వు పేరుకుంటుంది, ఆ కొవ్వే దారిలో ఇంధనం. పంజరంలో పెట్టిన వలస పక్షి కూడా ఆ రోజుల్లో రాత్రంతా నిద్రపోక రెక్కలు కొట్టుకుంటుంది. రంగు కూడా తేలుతుంది. జొన్నపిట్ట ఈకల చివర ఉండే మట్టి రంగు అంచులు చలికాలమంతా అరిగి అరిగి, మార్చి నాటికి లోపలి గులాబీ బయటపడుతుంది. కొత్త బట్ట వేసుకోవడం కాదు, పాతది అరిగితేనే మెరుపు. మోదుగ, బూరుగ పూలలో తేనె తాగుతూ, రావి, మర్రి పండ్లు తింటూ, సాయంత్రమయ్యేసరికి ఆకాశంలో పొగలాగా మెలికలు తిరుగుతూ గుంపుగా గూడు చేరే పిట్టలను మీరు మార్చి నెలలో చూసే ఉంటారు. పదో తరగతి పరీక్షల రోజులు గనుక చూసినా గుర్తుండి ఉండదు.

వచ్చినప్పుడు పక్షికి మర్యాదలన్నీ జరుగుతాయి. సూళ్ళూరుపేటలో 2001లో ఫ్లెమింగో ఫెస్టివల్ మొదలైంది. పులికాట్ రాజహంసల కోసం బస్సులు, స్టాళ్ళు, మంత్రులు. మంచిదే. పోయేటప్పుడు మాత్రం సాగనంపేవాడు ఒక్కడూ లేడు. ప్రపంచ వలస పక్షుల దినం అని ఒకటుంది, మే నెల రెండో శనివారం, అక్టోబరు రెండో శనివారం జరుపుతారు. మే రెండో శనివారానికి మన దగ్గర వలస పిట్ట దాదాపు మిగలదు, హాస్టల్లో పిల్లలూ ఉండరు! ఎవరి వసంతానికి పెట్టిన తేదీ అది? మన దేశంలో 2007లో మైగ్రెంట్‌వాచ్ అనే కార్యక్రమం మొదలైనప్పుడు కూడా మొదట అడిగింది కొన్ని జాతులు మొదటిసారి ఎప్పుడు కనబడ్డాయనే.

కడసారి తేదీ రాయకపోవడానికి ఒక కారణం ఉంది. మొదటిసారి కనబడిన పిట్ట, కనబడిన రోజే "నేను వచ్చాను" అని చెబుతుంది. ఆ ఒక్కరోజు చూస్తే చాలు, తేదీ రాసేయొచ్చు. చివరి రోజు అట్లా కాదు. ఏప్రిల్ 6న చూసిన పిట్ట కడసారి పిట్ట అని ఏప్రిల్ 6న ఎవరికీ తెలియదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది తేదీల్లో వెతికి కనబడక, మరో వారం చూసి, అప్పుడు వెనక్కి తిరిగి "ఓహో, ఆరో తేదీన పోయిందన్నమాట" అనుకోవాలి. అంటే రోజూ చూసేవాళ్ళు, ఒకేచోట ఉండేవాళ్ళు, కనబడకపోయినా "కనబడలేదు" అని రాసేవాళ్ళు మాత్రమే ఆ తేదీ చెప్పగలరు. ఆదివారం కారులో బైనాక్యులర్ వేసుకొని వచ్చి పోయేవారికి అది సాధ్యం కాదు. చేను కాసేవాళ్ళకు, గొర్రెలు మేపేవాళ్ళకు, హాస్టల్ మిద్దె మీద బట్టలు ఆరేసేవాళ్ళకు సాధ్యం.

ఆ తేదీతో పనేమిటంటారా? నెదర్లాండ్స్‌లో పైడ్ ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్ట ఉంది. ఆఫ్రికాలో చలికాలం గడిపి వసంతానికి అక్కడికి పోతుంది. అక్కడ వేడి పెరిగి, చెట్ల మీది గొంగళిపురుగులు ముందుగానే పుట్టి ముందుగానే అయిపోతున్నాయి. పిట్ట మాత్రం ఆఫ్రికాలో పొద్దు లెక్క చూసుకొని ఎప్పటిలాగే బయల్దేరుతోంది, గమ్యం దగ్గర ఋతువు మారిన సంగతి దానికెట్లా తెలుస్తుంది? పోయేసరికి పిల్లలకు పెట్టడానికి తిండి ఉండటం లేదు. అక్కడి శాస్త్రజ్ఞులు 2001లో ఈ సంగతి రాశారు, 2006 నాటికి కొన్ని అడవుల్లో ఆ పిట్టలు బాగా తగ్గిపోయాయనీ చూపించారు. అంటే పక్షి ఎక్కడ గూడు పెడుతుందో అక్కడ చూస్తే సగమే తెలుస్తుంది. ఎక్కడి నుంచి, ఏనాడు బయల్దేరిందో అన్నది రెండో సగం. మన జొన్నపిట్ట విషయంలో ఆ రెండో సగం మన చేతుల్లో ఉంది.

ఇంకో కారణం కూడా ఉంది, అది మన ఇంటి సంగతి. నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడు తెలియని వాళ్ళు మనలో తక్కువ. బట్టమేక పిట్ట కోసం 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. ఒకప్పుడు ఉమ్మడి కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. మీటరు ఎత్తు నిలబడే పిట్ట అది, ఎగిరే పక్షుల్లో బరువైనవాటిలో ఒకటి. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అక్కడే ఉండి దాని మీద పనిచేశారు. ఈనాడు దేశం మొత్తం మీద 150కి మించి లేవని అంచనా, ఉన్నవాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. నేను మా చుట్టుపక్కల ఊళ్ళల్లో పెద్దలను అడిగాను, "కడసారి ఎప్పుడు చూశారు?" అని. ఒకాయన పెద్దకూతురు పెండ్లి ఏడు అన్నాడు. ఇంకొకామె కాలువ నీళ్ళు రాకముందు అన్నది. గొర్రెల కాపరి ఒకాయన మాత్రం ఏ చేను గట్టు మీద నిలబడి ఉన్నదో చెయ్యి చాపి చూపించాడు గానీ ఏ ఏడో చెప్పలేకపోయాడు. మీటరు ఎత్తు పిట్ట! మన కళ్ళ ముందు నుంచి పోయింది, మా ఊళ్ళల్లో పోయిన తేదీ లేదు. వలస పిట్ట పోతే మళ్ళీ వస్తుందనే ధీమా ఉంటుంది. ఒక ఏడు రాకపోతే? దాన్ని చివరిసారి చూసిన రోజు ఏదని రేపు మన పిల్లలు అడిగితే, మనం కూడా కూతురి పెండ్లి ఏడు అని చెబుదామా?

పేర్ల సంగతీ చెప్పాలి. నూట అరవై ఏళ్ళ కిందట టి.సి. జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు, నెల్లూరులో కూడా పనిచేసినవాడు, భారతదేశపు పక్షుల మీద పెద్ద పుస్తకం రాస్తూ ప్రతి పిట్టకూ దొరికినంత వరకు తెలుగు పేరు కూడా రాశాడు. వేటగాళ్ళో, రైతులో, ఎవరో ఒకరు చెప్పకుండా ఆయనకు ఆ పేర్లు ఎట్లా తెలుస్తాయి? పుస్తకం మీద ఆయన పేరుంది, చెప్పినవాళ్ళ పేర్లు లేవు. నేను ఆయన్ని తప్పుపట్టను, ఆయనైనా రాశాడు. మనం రాయలేదు. పిల్లిగద్ద, కౌజు, పూరేడు, వంగపండు పిట్ట, ఎంత చక్కని పేర్లు! పాలపిట్ట 2018 దాకా ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ఉండి, రామచిలకకు చోటిచ్చింది. తెలంగాణ దాన్ని తన రాష్ట్ర పక్షిగా ఉంచుకుంది. ఇట్లాంటివి జీకే బిట్లుగా బట్టీ పడతాం గానీ, కరెంటు తీగ మీద కూర్చున్న పిట్టకు మీ ఊళ్ళో ఏమంటారని అడిగితే నోరు తెరుస్తాం.

"మెస్ చార్జీలు సరిపోవడం లేదు, బాత్రూము తలుపులకు గొళ్ళాలు లేవు, ఇప్పుడు పిట్టలా?" అని మీలో ఎవరైనా అంటే, అనాల్సిందే. నేనూ ఆ తలుపులు కాలితో అదిమిపెట్టి స్నానం చేసినదాన్నే. కానీ గమనించండి. హాస్టల్లో ఎన్ని రిజిస్టర్లు ఉన్నాయి! హాజరు పట్టీ, స్టాకు రిజిస్టరు, డైట్ రిజిస్టరు, విజిటర్ల పుస్తకం. అన్నీ మన గురించే, ఒక్కటీ మనం రాసేది కాదు. కళ్ళతో చూసింది తేదీ వేసి రాసి, కింద సంతకం పెట్టే అలవాటు పిట్టలతో మొదలైతే పిట్టలతోనే ఆగుతుందా? ఆలోచించండి. ఇక "పిట్టంటే మాకు కూర" అనేవాళ్ళు ఉన్నారు. మా ఇంట్లోనూ కౌజు తిన్నాం, చాటుగా చెప్పుకోవాల్సిన పనిలేదు. 1972 చట్టం తర్వాత అడవి పిట్టను పట్టడం నేరం, అది వేరే విషయం. తిన్నవాళ్ళకే పిట్ట ఎప్పుడు కొవ్వు పడుతుందో బాగా తెలుసనేది కూడా నిజమే కదా.

మనల్ని గేటు దాటనివ్వరు, నిజమే. మిద్దె చాలు. సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు పావుగంట చాలు. జొన్నపిట్టల గుంపు పైన పోతే దిక్కు, సుమారు ఎన్ని, ఎన్నిగంటలకు, అంతే రాయండి. ట్యాంకు దగ్గర తోక ఊపుతూ తిరిగే నలుపు తెలుపు పిట్టను చూడండి. ముఖం తెల్లగా ఉంటే వలస పిట్ట. ముఖం నల్లగా ఉండి కనుబొమ ఒక్కటే తెల్లగా ఉంటే అది మన ఊరిదే, ఏడాదంతా ఉంటుంది, దాన్ని చూసి ఇంకా పోలేదని రాయకండి. తీగ మీది స్వాలోల్లో గొంతు ఇటుక రంగుగా ఉన్నది దూరం పోయేది. చేల మీద మోకాలెత్తున, తూలుతున్నట్టుగా ఎగిరేది పిల్లిగద్ద. బూడిద రంగు ఒళ్ళు, రెక్కల కొసలు నలుపు అయితే మగది. రోళ్ళపాడు గడ్డిలో రాత్రి నేల మీదే పడుకుంటుంది, మిడతలు దానికి ఇష్టమైన తిండి, అదీ మధ్య ఆసియా వైపుకే పోతుంది. గుర్తుపట్టలేకపోతే ఎట్లా ఉందో రాయండి. తప్పు పేరు కన్నా పేరు లేకపోవడం మేలు.

ఏప్రిల్ నాలుగో వారంలో సెలవులిస్తారు గదా, అప్పుడెట్లా అంటారు. అప్పుడే అసలు బలం. మనం ఒక్క హాస్టల్, కానీ పదుల ఊళ్ళ నుంచి వచ్చాం. సెలవులకు పోయిన ప్రతి పిల్లా తన ఊరి చెరువు, తన ఊరి చేను చూస్తుంది. ఏ యూనివర్సిటీకి అన్ని ఊళ్ళల్లో మనుషులున్నారు? 2023లో మన దేశపు పక్షుల స్థితి మీద వచ్చిన నివేదిక సుమారు 30 వేల మంది పక్షి వీక్షకులు పంపిన 3 కోట్ల పరిశీలనలతో 942 జాతుల లెక్క తీసింది. ఆ 30 వేల మందిలో సోషల్ వెల్ఫేర్ హాస్టల్ పిల్లలు ఎంతమంది ఉంటారో మీరే ఊహించండి. కోసిగి, ఆదోని వైపు నుంచి వచ్చిన నా గది స్నేహితురాళ్ళ ఇండ్లల్లో సంక్రాంతి తర్వాత తాళాలు పడేవి, అమ్మానాన్నలు సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయేవాళ్ళు, ఉగాదికి తిరిగొచ్చేవాళ్ళు. పిట్టలు పోయే రోజుల్లో వాళ్ళు ఇంటికి చేరేవాళ్ళు. ఆ పోకకూ, ఆ రాకకూ కూడా తేదీలు రాసినవాళ్ళు లేరు. ఆ చెల్లెళ్ళు తమ ఊళ్ళో పిట్టలతో పాటు అది కూడా రాస్తే నేను కాదనను.

రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్ ఒకటి వార్డెన్ మేడం గారి అనుమతితో లైబ్రరీ బీరువాలో పెట్టించాను. తేదీ, సమయం, చోటు, మీ ఊళ్ళో దాని పేరు, ఎన్ని, ఎవరు చూశారు అని ఆరు గడులు గీశాను. మొదటి పేజీ ఈ మార్చిలో నేనే మిద్దె మీద నుంచి రాశాను, 1వ తేదీ జొన్నపిట్టలు సుమారు నాలుగు వందలు, పడమర నుంచి తూర్పుకు, సాయంత్రం 5.50. రెండో పేజీ ఖాళీగా ఉంది. "కనబడలేదు" అని రాయడానికి వేరే గడి అక్కర్లేదు, ఎన్ని అన్న చోట సున్నా చుట్టండి. చివరి గడిలో మాత్రం పూర్తి పేరు రాయాలి, ఇంటిపేరుతో సహా.